బోర్డు అంటే అసలు ఏమిటి? ఒకే మాటకు ఇన్ని అర్థాలా?

ప్రశ్నార్థకం
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నిన్న రాత్రి నిద్రపోయే ముందు ఒక ప్రశ్న వేసింది. "బడిలో గోడకు ఉండేది బోర్డు. పరీక్షలు పెట్టేది కూడా బోర్డే. విమానం ఎక్కాలంటే బోర్డింగ్ పాస్ అడుగుతారు. అక్కడే ఉండి చదువుకునే బడిని బోర్డింగ్ స్కూల్ అంటారు. అన్నిటికీ అదే పేరు ఎందుకు పెట్టారమ్మా? వేరే మాటలు దొరకలేదా?"

ఏదో చెప్పి పడుకోబెట్టాను గాని తరవాత నాకే నిద్ర పట్టలేదు. నిఘంటువు తీస్తే చెక్క, బల్ల, భోజనం, మండలి, ఎక్కు అని వరుసగా అర్థాలు రాసి ఉన్నాయి. చెక్కకూ భోజనానికీ లంకె ఏమిటో, భోజనానికీ పరీక్షలకూ లంకె ఏమిటో అందులో లేదు. ఇవి వేర్వేరు మాటలా, లేక ఒకే మాట ఇలా తీగలా పాకిందా? తెలిసినవారు చెప్పండి. పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలగాలి, అదీ నాకు కావలసింది.

తాళపత్రం
మీ అమ్మాయి వేసిన ప్రశ్నలన్నిటికీ సమాధానం ఒకటే: చెక్క.

పాత ఇంగ్లిషులో 'బోర్డ్' అంటే కోసిన చెక్క, పలక. దాన్ని ఏ పనికి వాడితే ఆ పనికి ఆ పేరు అంటుకుంటూ వచ్చింది. ముందు తిండి సంగతి చూద్దాం. మధ్యయుగాల ఇంగ్లండులో భోజనాల బల్ల నాలుగు కాళ్లతో ఒకచోట స్థిరంగా ఉండేది కాదు. వేళకు రెండు ఆధారాలు నిలబెట్టి, వాటి మీద పొడవాటి చెక్కలు పరిచేవారు. తినడం అయ్యాక చెక్కలు ఎత్తేసేవారు. బల్ల అంటే నిజంగా చెక్కే. మన 'బల్ల' కూడా అంతే కదా! కొట్టులో కోసి అమ్మే చెక్కా బల్లే, రాసుకునేదీ బల్లే.

చెక్క పేరు బల్లకు వచ్చాక, బల్ల మీద పెట్టే భోజనానికి కూడా అదే వచ్చింది. 14వ శతాబ్దం నాటికే ఆ వాడుక ఉంది. డబ్బు కట్టి ఒకరి ఇంట తినేవాడు 'బోర్డర్'. తిండీ బసా పెట్టి చదువు చెప్పేది బోర్డింగ్ స్కూల్. అంటే అక్కడ 'బోర్డు' గోడ మీది నల్లబల్ల కాదు, అన్నం పెట్టే బల్ల.

ఇక పరీక్షల బోర్డు. అదే బల్ల చుట్టూ తినడానికి కాకుండా ఆలోచన చేయడానికి కూర్చున్నారు. 16వ శతాబ్దంలో సభ జరిగే బల్లను బోర్డు అన్నారు, ఆ తరవాత దాని చుట్టూ కూర్చున్న మనుషులనే బోర్డు అన్నారు. ఇప్పుడు బల్ల లేకుండా, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫోన్లలో సమావేశమైనా డైరెక్టర్ల బోర్డు బోర్డే.

విమానం సంగతి ఓడలు ఎరిగినవారు చెబితే బాగుంటుంది. ఓడసరంగు గారు ఇక్కడే ఎక్కడో ఉండాలి.

రాళ్లబాట
నేను విన్నది వేరు. వెడల్పు అనే అర్థమున్న 'బ్రాడ్' లో అక్షరాలు తారుమారై 'బోర్డ్' అయిందని మా మేనమామ చెప్పేవారు. బోర్డు వెడల్పుగానే ఉంటుంది కాబట్టి నాకు నమ్మకంగానే అనిపించింది.

తాళపత్రం
ఇప్పటి స్పెల్లింగులో రెండింటికీ అవే ఐదు అక్షరాలు కావడం వల్ల అలా అనిపిస్తుంది. పాత ఇంగ్లిషులో చెక్క అనే అర్థమున్న మాటకు నాలుగు అక్షరాలే, మధ్యలో 'ఎ' లేనే లేదు. వెడల్పు అనే మాటలో 'ఒ' లేదు. రెండూ ఆ రోజుల్లోనే విడివిడిగా వాడుకలో ఉన్నాయి, చుట్టరికం లేదు.

రాళ్లబాట
ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో చెప్పుకుంటున్నాం. సరే, ఇక మానేస్తాం.

ఓడసరంగు
పిలిచారు, వచ్చాను. ఇరవై రెండేళ్లు సరకు ఓడల మీద ఇంజను గదిలో పనిచేశాను. ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది, కాస్త ఎక్కువ రాస్తే భరించండి.

ఓడ పక్క భాగమే బోర్డు. ఓడ మీద ఉంటే 'ఆన్ బోర్డ్'. ఆ పక్క దాటి నీళ్లలో పడితే 'ఓవర్‌బోర్డ్'. 'బోర్డ్' క్రియగా వచ్చినప్పుడు, 15వ శతాబ్దంలో, దానికి ఎక్కడం అనే అర్థం లేదు. శత్రువు ఓడ పక్కకు మన ఓడను చేర్చడం, దాని మీద దాడి చేయడం అని అర్థం. కత్తులు పోయాయి, ఎక్కడం ఒక్కటే మిగిలింది. ఓడల నుంచి రైళ్లకు, రైళ్ల నుంచి విమానాలకు వచ్చింది. ఆ పాపకు చెప్పండి, తన బోర్డింగ్ పాస్ మొదట్లో సముద్రపు యుద్ధాల్లో పుట్టిన మాట అని. పిల్లలకు నచ్చుతుంది.

నేను కొత్తగా చేరినప్పుడు కుడి పక్కను 'స్టార్‌బోర్డ్' అంటుంటే నక్షత్రాలను చూసి దారి తెలుసుకునే వైపు కాబోలు అనుకున్నాను. ఒక ముసలి సరంగు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. అది 'స్టార్' కాదు, 'స్టీర్'. ఓడను నడిపే వైపు. పాత రోజుల్లో చుక్కాని వెనక మధ్యలో ఉండేది కాదు, కుడి పక్కన ఒక పెద్ద తెడ్డులా వేలాడేది. మనుషుల్లో ఎక్కువమందిది కుడిచేతి వాటం కదా. నార్వేలో 1904లో తవ్వి తీసిన ఓసెబెర్గ్ ఓడకు ఆ తెడ్డు కుడి వైపునే ఉంది. ఫొటో చూసిన రోజున ఆ ముసలాయన గుర్తొచ్చాడు.

మరి ఎడమ? పాత ఇంగ్లిషులో దాన్ని 'బ్యాక్‌బోర్డ్' అనేవారు, తెడ్డు పట్టుకున్నవాడి వీపు అటు ఉంటుంది కాబట్టి. తరవాత 'లార్‌బోర్డ్' వచ్చింది, బహుశా సరకు ఎక్కించే వైపు అని. తెడ్డు రేవుగోడకు తగిలి విరగకుండా ఎడమ పక్కనే గట్టుకు చేర్చేవారు. చిక్కేమిటంటే తుపానులో 'స్టార్‌బోర్డ్' అని అరిచినా 'లార్‌బోర్డ్' అని అరిచినా చెవికి ఒకలాగే వినిపిస్తాయి. 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్ మాటను రద్దు చేసి ఎడమకు 'పోర్ట్' అనే అనమని ఉత్తర్వు ఇచ్చింది. 1846లో అమెరికా నౌకాదళం అదే చేసింది. ప్రాణాల కోసం ఒక మాటను తీసేసిన సందర్భాలు ఎన్ని ఉంటాయి చెప్పండి!

విమానం కూడా ఎడమ వైపు నుంచే ఎక్కుతాం, గమనించారా?

సోల్డరింగు
గమనించలేదు! ఇన్నిసార్లు ఎక్కాను, ఒక్కసారీ తట్టలేదు.

వాదన
తాళపత్రం గారు చెప్పిన తిండి అర్థానికి నా వృత్తి నుంచి ఒక సాక్ష్యం. పాత ఇంగ్లిషు న్యాయంలో భార్యాభర్తలు పెళ్లి రద్దు కాకుండానే విడిగా ఉండేందుకు చర్చి కోర్టులు అనుమతి ఇచ్చేవి. దాని పేరు 'పడక నుంచీ బోర్డు నుంచీ' విడిపోవడం. లాటిన్ పేరులో భోజనాల బల్ల అనే మాటే ఉంది. ఒకే బల్ల దగ్గర తినకపోవడం, ఒకే పడక మీద పడుకోకపోవడం, అంతే సంసారం విడిపోవడమంటే. 1857 చట్టం దాని స్థానంలో 'జుడీషియల్ సెపరేషన్' తెచ్చింది. చట్టానికి పాత పేరే బాగుండేదని నా అభిప్రాయం. కక్షిదారులకు ఒక్క వాక్యంలో అర్థమయ్యేది.

సూటిమాట
అందరూ ఆనందంగా ఉన్నారు, నేను ఒక పుల్ల వేస్తున్నాను. తాళపత్రం గారు 'సమాధానం ఒకటే, చెక్క' అనడం తొందరపాటు. ఓడ పక్క అనే అర్థం చెక్క నుంచి వచ్చిందని ఎలా చెప్పగలం? పాత ఇంగ్లిషులో ఒకేలా వినిపించే రెండు మాటలు ఉండేవి. ఒకటి నపుంసక లింగం, చెక్క అని అర్థం. రెండోది పుంలింగం, అంచు, ఒడ్డు, ఓడ పక్క అని అర్థం. జర్మన్ కుటుంబపు భాషల్లో రెండూ కనిపిస్తాయి. ఫ్రెంచివాళ్లు అంచుకు 'బోర్' అంటారు, అది కూడా అక్కడి నుంచి తెచ్చుకున్నదే. ఇంగ్లిషు 'బోర్డర్', అదే సరిహద్దు, ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ అంచు మాటే. కాబట్టి విమానం ఎక్కే బోర్డు సరిహద్దుకు చుట్టం, నల్లబల్లకు కాదు.

తాళపత్రం
ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి వదిలేశాను. రెండు మాటలు అన్నది బలమైన వాదనే. కాని అవి పాత ఇంగ్లిషు నాటికే కలిసిపోయాయి. ఓడ పక్క చెక్కలతోనే కట్టి ఉంటుంది కాబట్టి మాట్లాడేవాళ్లకు తేడా ఉండేది కాదు. వాళ్ల నోట ఒకటే మాట అయినప్పుడు మనం ఎందుకు విడదీయాలి?

సూటిమాట
ఎందుకంటే ప్రశ్నార్థకం గారు అడిగిందే అది: 'వేర్వేరు మాటలా, ఒకే మాటా' అని. నిజాయితీగా చెప్పాలంటే రెండు ఏర్లు, ఒక కాలువ.

ప్రశ్నార్థకం
రెండు ఏర్లు, ఒక కాలువ. ఇది నేను పిల్లకు చెప్పగలను.

నల్లబల్ల
పందొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా పేరులోనే ఉంది కాబట్టి నా బోర్డు గురించి నేనే రాస్తాను. ఇప్పుడు మా తరగతిలో ఉన్నది ఆకుపచ్చ రంగుది, పక్క గదిలో తెల్లది. అయినా పిల్లలు 'బ్లాక్‌బోర్డు తుడవమంటారా' అనే అడుగుతారు. రంగు మారింది, చెక్క పోయి రేకు వచ్చింది, పేరు మారలేదు.

నాకు ఇష్టమైనది 'కప్‌బోర్డు'. మొదట్లో అది తలుపులున్న అలమర కాదు. కప్పులూ గిన్నెలూ కనబడేలా పేర్చే ఒక బల్ల మాత్రమే, 14వ శతాబ్దపు మాట. తరవాత దానికి తలుపులు వచ్చాయి, కప్పుల బదులు ఏది పడితే అది చేరింది. ఇంగ్లిషువాళ్ల నోట 'ప' పూర్తిగా మాయమై 'కబర్డ్' అయింది, స్పెల్లింగులో మాత్రం కప్పు అలాగే కూర్చుని ఉంది. మనం తెలుగులో 'కబోర్డు' అంటాం. మనమూ ఆ 'ప' ను వదిలేశాం, కాని చివర బోర్డును స్పష్టంగా పలుకుతాం. ఆ సగం న్యాయం మనమే చేశాం!

అనువాదకురాలు
నా బాధ ఒకటి చెప్పుకోవాలి. పదేళ్లుగా ప్రకటనలూ నివేదికలూ తెలుగు చేస్తున్నాను. డైరెక్టర్ల బోర్డుకు 'పాలక మండలి' అని రాస్తే 'బోర్డు అనే రాయండి, జనానికి అదే తెలుసు' అని వెనక్కి పంపుతారు. నేను ఊరుకోను. 'మండలి' ఎంత మంచి మాట! మండలం అంటే వలయం. ఇంగ్లిషువాళ్లు మధ్యనున్న బల్లను చూసి పేరు పెట్టారు, ఇక్కడ చుట్టూ కూర్చున్న మనుషుల వలయాన్ని చూసి పేరు పెట్టారు. 'పరిషత్తు' కూడా అలాంటిదే: 'పరి' అంటే చుట్టూ, 'సద్' అంటే కూర్చోవడం. సదస్సులో ఉన్నదీ ఆ కూర్చోవడమే.

గడియారం
మండలి మంచి మాటే, నేను కాదనను. కాని ఒకే వాక్యంలో విద్యామండలి, పాలక మండలి, సలహా మండలి వస్తే నేను చదవడం ఆపేస్తాను. బోర్డు రెండు అక్షరాల మాట. ఎప్పుడో మనది అయిపోయింది. బస్సును ఎవరూ తెలుగు చేయడం లేదు కదా.

అనువాదకురాలు
బస్సుకు ముందు మనకు మాట లేదు. దీనికి ఉంది. ఉన్నదాన్ని మూలన పెట్టడం గురించి నా బాధ.

తాళపత్రం
ఇద్దరికీ ఉపయోగపడే విషయం ఒకటుంది. సంస్కృతంలో 'ఫలకం' అంటే ఏమేమిటో చూడండి. చెక్క, బల్ల, రాతపలక, జూదపు పలక, ఇంకా డాలు. శిలాఫలకంలో ఉన్నది ఆ మాటే, మన చేతి 'పలక' ఆ మాటే. ఇప్పుడు పాత ఇంగ్లిషు 'బోర్డ్' చూడండి. చెక్క, బల్ల, డాలు! 991లో ఇంగ్లండులోని మాల్డన్ దగ్గర, ఓడల్లో వచ్చి దాడులు చేసే ఉత్తరాది వైకింగులతో జరిగిన యుద్ధం మీద ఒక పాత ఇంగ్లిషు కవిత ఉంది. అందులో నాయకుడు మాట్లాడే ముందు పైకెత్తేది 'బోర్డ్'. అంటే డాలు. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు. ఎక్కడో దూరాన ఉన్న రెండు జాతులు ఒక చెక్కను చేతబట్టుకుని అవే మూడు పనులు చేశాయి: తిన్నాయి, ఆడాయి, అడ్డుపెట్టుకున్నాయి. ఇది మొదటిసారి గమనించిన రోజు నాకు పండగలా గడిచింది.

ఓడసరంగు
డాలునూ బోర్డు అనేవారని నాకు తెలియదు. వైకింగులు డాళ్లను ఓడ పక్కకే వరసగా తగిలించేవారు. గోక్‌స్టాడ్ ఓడలో, 1880లో తవ్వినప్పుడు, అలా వరసగా ఉన్న డాళ్లు దొరికాయి. బోర్డు మీద బోర్డులు!

ఆటకాయ
జూదం అన్నారు కాబట్టి: 'అబౌ బోర్డ్' అంటే దాపరికం లేకుండా అని కదా. అది పేకాట బల్ల దగ్గర పుట్టింది. చేతులు బల్ల పైన కనిపిస్తుంటే మోసం లేనట్టు, కిందికి పోయాయంటే ముక్క మారుతున్నట్టు. 17వ శతాబ్దం మొదట్లోనే వాడారు. బల్ల కింద చేతులు అని లంచానికి మనవాళ్లూ అంటుంటారు.

రాళ్లబాట
మేనమామ ఇంకొకటి కూడా చెప్పేవారు, ఇది అయినా నిజమేనా? ఖరీదైన అనే అర్థంలో 'పోష్' అంటాం. అది ఇంగ్లండు నుంచి ఇండియా వచ్చే ఓడల్లో 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్', అంటే వెళ్లేటప్పుడు ఎడమ, తిరిగి వచ్చేటప్పుడు కుడి, అనే నాలుగు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలట. ఎండ తగలని గదులు గొప్పవాళ్లకు ఇచ్చి టిక్కెట్టు మీద అలా ముద్ర వేసేవారట.

ఓడసరంగు
అందమైన కథ. ప్రతి ఓడ మీదా ఎవరో ఒకరు చెబుతారు. అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు మాత్రం ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు.

సూటిమాట
మొదటి అక్షరాలతో మాట పుట్టిందని ఎవరు చెప్పినా ముందు అనుమానించండి. 20వ శతాబ్దానికి ముందు అలా మాటలు పుట్టడం చాలా అరుదు. షోకిలా అనే అర్థంలో 'పోష్' 1890 నాటికే నిఘంటువులో ఉంది.

రాళ్లబాట
మేనమామకు ఈ వేదిక చూపించను.

సోల్డరింగు
రేడియోలూ టీవీలూ బాగుచేసే పని నాది. మా పనిలో బోర్డు అంటే ప్రాణం. సర్క్యూట్ బోర్డు, మదర్‌బోర్డు, అన్నీ బోర్డులే. వాటిలో ఒక్కటి మాత్రం నిజంగా వంటింట్లోంచి వచ్చింది: 'బ్రెడ్‌బోర్డు'. కొత్త సర్క్యూటు పరీక్షించడానికి తీగలు గుచ్చే తెల్లటి ప్లాస్టిక్ పలక. నేర్చుకునే రోజుల్లో దానికి ఆ పేరు ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరవాత తెలిసింది. తొలినాళ్లలో ఇంట్లో రేడియోలు కట్టుకునేవాళ్లు రొట్టె కోసే చెక్క మీదనే మేకులు కొట్టి భాగాలు బిగించేవారు. చెక్క పోయింది, రొట్టె పోయింది, పేరు ఉండిపోయింది. ఇది తెలిసిన రోజు నుంచి ఆ పలకను కొంచెం గౌరవంగా పట్టుకుంటున్నాను.

గడియారం
అలాంటిదే 'డ్యాష్‌బోర్డు'. కార్లో వేగం చూపించేది కదా. గుర్రబ్బండి ముందు భాగంలో ఒక చెక్క అడ్డుగా బిగించేవారు, గుర్రం డెక్కలు చిమ్మే బురద బండిలోని వాళ్ల మీద పడకుండా. 'డ్యాష్' అంటే చిమ్మడం, కొట్టడం. గుర్రం పోయి ఇంజను వచ్చాక ఆ చెక్క స్థానంలో మీటర్లు వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద లెక్కలు చూపించే పేజీనీ డ్యాష్‌బోర్డు అంటున్నారు. బురదా లేదు, చెక్కా లేదు.

నల్లబల్ల
గడియారం గారూ, ఇది రేపే తరగతిలో చెబుతాను. బురద చిమ్మడం బొమ్మ గీస్తే పిల్లలు జన్మలో మరచిపోరు.

దస్త్రం
'టేబుల్' ను ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రాన్సు నుంచి నార్మన్లు ఇంగ్లండుకు వచ్చాక ఫ్రెంచి నుంచి ఆ మాట వచ్చి భోజనాల బల్లకు బోర్డు అనే పేరును పక్కకు నెట్టింది. విచిత్రం ఏమిటంటే దాని లాటిన్ మూలం 'టాబులా' కు కూడా చెక్క, రాతపలక అనే అర్థం! ఒక చెక్కను తోసేసి ఇంకో చెక్క వచ్చి కూర్చుంది. చిన్న పలక 'ట్యాబ్లెట్', ఇప్పుడు మందు బిళ్లా అదే, చేతిలో పట్టుకునే కంప్యూటరూ అదే. 1884లో ఒక బ్రిటిష్ మందుల కంపెనీ తన బిళ్లలకు 'ట్యాబ్లాయిడ్' అని పేరు పెట్టి నమోదు చేయించుకుంది. బిళ్లలా కుదించిన వార్తలు కాబట్టి ఆ పేరు తరవాత చిన్న పత్రికలకు పాకింది.

అనువాదకురాలు
వార్తల బిళ్ల! ఇన్నాళ్లూ ఆ పత్రికలకు తెలుగు వెతుకుతున్నాను.

దస్త్రం
ఆఫీసులన్నీ సామాన్లలోంచే పుట్టాయి. 'బ్యూరో' మొదట ముతక ఉన్ని బట్ట. ఆ బట్ట పరిచిన రాతబల్ల బ్యూరో అయింది, బల్ల ఉన్న గది బ్యూరో, గదిలో పనిచేసే కార్యాలయం బ్యూరో. ఇంగ్లండు ఖజానాకు 'ఎక్స్‌చెకర్' అని పేరు కదా, అది చదరంగపు పలక. 12వ శతాబ్దంలో ఖజానా అధికారే రాసిన గ్రంథంలో ఆ బల్ల కొలతలు ఉన్నాయి: పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, పైన గీతలున్న నల్ల బట్ట. ఆ గళ్లలో బిళ్లలు పెట్టి రాజుగారి లెక్కలు తేల్చేవారు.

'దివాన్' మాత్రం ఎదురు నడిచింది. పారశీకంలో మొదట లెక్కల పుస్తకం, ఆ తరవాత కార్యాలయం, దర్బారు. మనకు 'దివాణం' దగ్గర ఆగిపోయింది. ఇంగ్లిషులో ఇంకా ముందుకు పోయి, దర్బారులో కూర్చునే మెత్తటి ఆసనం అయింది. వాళ్లకు బల్ల సభ అయితే, ఇది సభ కాస్తా సోఫా అయింది.

వాదన
'బ్యాంకు' కూడా. ఇటాలియన్‌లో వడ్డీ వ్యాపారి కూర్చునే బల్ల. 'బ్యాంక్‌రప్ట్' అంటే విరిగిన బల్ల. వ్యాపారి మునిగితే జనం వచ్చి బల్ల విరగ్గొట్టేవారని కథ చెబుతారు, ఆ కథకు ఆధారం లేదు. మాటలో విరగడం ఉన్న మాట మాత్రం నిజం.

చేదునిజం
ఇన్ని చెప్పారు గాని తెలుగువాళ్లం ఆ మాటకు మనంతట మనం ఇచ్చిన అర్థాన్ని ఒక్కరూ చెప్పలేదు. 'బోర్డు తిప్పేయడం'.

డిపాజిట్లు కట్టించుకుని రాత్రికి రాత్రి మాయమైన సంస్థ గురించి పత్రికల్లో చదివే మాట. నాకు చదివే మాట కాదు. మా నాన్నగారు ఉద్యోగ విరమణ డబ్బులో సగం అలాంటి ఒక సంస్థలో పెట్టారు. ఒక సోమవారం ఉదయం వెళ్తే తాళం వేసి ఉంది. ఇంటికి వచ్చి అమ్మతో ఒక్క మాట అన్నారు, 'బోర్డు తిప్పేశారు' అని. ఇంకేమీ వివరించలేదు, అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ రెండు మాటల్లో అంతా ఉంది. ఈ మాట ఎప్పుడు చదివినా నాకు ఆ గుమ్మమే కనిపిస్తుంది.

విరిగిన బల్ల కన్నా ఇదే ఎక్కువ నిజమనిపిస్తుంది నాకు. బల్ల విరిగితే వ్యాపారి అక్కడే ఉంటాడు. బోర్డు తిప్పితే మనిషే ఉండడు.

వాదన
ఇంత పొదుపైన మాట చట్టంలో ఎక్కడా లేదు. నాన్నగారికి డబ్బు ఏమైనా తిరిగి వచ్చిందా?

చేదునిజం
కొంత. చాలా ఏళ్లకు.

అనువాదకురాలు
గడియారం గారూ, మీరే గెలిచారు. 'మండలి తిప్పేశారు' అని ఎవరూ అనలేరు. బోర్డు మనది అయిపోయిందని ఒప్పుకుంటున్నాను. పాలక మండలిని మాత్రం వదలను.

గడియారం
మీ పాలక మండలి జోలికి నేనిక రాను.

ఆటకాయ
ఇన్ని బోర్డుల మధ్య ఎవరికైనా బోరు కొట్టిందా?

సూటిమాట
ఆ బోరు వేరే మాట. అది 1760ల్లో ఇంగ్లిషులో కనిపిస్తుంది. నీళ్ల కోసం వేసే బోరు ఇంకా పాతది, తొలవడం అని అర్థం. చెక్కతో ఏ సంబంధమూ లేదు, వదిలేయండి.

ప్రశ్నార్థకం
రాత్రి అమ్మాయికి చెప్పాను. రెండు ఏర్లు, ఒక కాలువ అన్నాను. తిండి బల్ల, ఆలోచన బల్ల, ఓడ పక్క, గుర్రం బురద అన్నీ చెప్పాను. ఓడసరంగు గారి సముద్రపు యుద్ధం రెండుసార్లు చెప్పించుకుంది. ఉదయం లేచి కాగితం పెన్సిలూ పట్టుకుని ఇల్లంతా తిరిగింది, ఎన్ని బోర్డులున్నాయో లెక్కపెడతానని. కబోర్డు, కీబోర్డు, కార్డ్‌బోర్డు పెట్టె, క్యారమ్ బోర్డు, నాన్న స్కూటరు డ్యాష్‌బోర్డు, స్విచ్‌బోర్డు. స్విచ్‌బోర్డు చెక్కే కాదు కదా, దాన్ని రాయనా వద్దా అని అడిగింది. రాయమన్నాను. సరిగానే చెప్పానా?

సోల్డరింగు
సరిగానే చెప్పారు. ఒకప్పుడు అది నిజంగా చెక్కే. 1878లో అమెరికాలో న్యూ హేవెన్‌లో మొదటి టెలిఫోన్ ఎక్స్‌చేంజి తెరిచినప్పుడు, ఒకరి తీగను ఇంకొకరికి కలిపే స్విచ్చులన్నీ ఒక బోర్డు మీదే బిగించారు. పాత ఇళ్లలో కరెంటు స్విచ్చులూ చెక్కపెట్టె మీదే ఉండేవి. నేను వాటిని ఎన్ని విప్పానో లెక్కలేదు.

నల్లబల్ల
ఇస్త్రీ బోర్డు మరచిపోయింది. చెప్పండి.